మెకాంకీ ప్లేటు గీసే ముందు జాగ్రత్తలు

మెకాంకీ అంటే పేగుల్లో ఉండే రకం బ్యాక్టీరియాను పెంచి గుర్తుపట్టే పోషక జెల్లీ (మీడియం); గీయడమంటే నమూనాను ప్లేటు మీద సన్నని గీతలుగా పరచడం. బరంపురంలో మా ల్యాబుకు కొత్తగా వచ్చినవాళ్లకు ముందు చెప్పేది: మీడియం డబ్బా మీద లేబుల్ చదవండి.

• మెకాంకీకి ఆటోక్లేవు (ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం), 121 డిగ్రీలు, 15 నిమిషాలు. ఎక్స్‌ఎల్‌డీ, టీసీబీఎస్‌ అనే వేరే మీడియంలకు మరిగిస్తే చాలు, ఆటోక్లేవులో పెట్టొద్దు.

• 50 డిగ్రీలకు చల్లారాక ప్లేట్లలో పోయండి. సముద్రం దగ్గరి ఈ ఉక్కకు మూత లోపల చెమట పడుతుంది. ఓసారి ఆరకముందే గీశాను. ఒక్క చుక్క జారి, విడివిడిగా రావాల్సిన కాలనీలన్నీ (బ్యాక్టీరియా గుంపులు) గులాబీ ముద్దయ్యాయి. మళ్లీ మొదలు!

• పేరు, తేదీ అడుగున రాయండి. మూతలు మారిపోతాయి.

• కంట్రోల్ ప్లేట్లు (తెలిసిన బ్యాక్టీరియాతో మీడియాన్ని సరిచూసేవి) తప్పనిసరి: ఈ.కోలై గులాబీగా రావాలి, స్టాఫ్ ఆరియస్ పెరగకూడదు.

• బోర్లించి 37 డిగ్రీల్లో 18–24 గంటలు.

• గులాబీ కనిపించగానే ఈ.కోలై అని రాసేయకండి. క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియా కూడా గులాబీయే, కాకపోతే జిగురుగా ఉంటుంది. బయోకెమికల్ టెస్టులు అయ్యాకే రిపోర్టు.