కాలేజ్ మ్యాగజైన్ పని చేస్తూ ఫొటోగ్రఫీ, ఎడిటింగ్ నేర్చుకోవడం ఎలా

ఈ ఏడాది మ్యాగజైన్‌కి ఫొటోల పని మీ మీద పడిందా? అయితే ఫొటోగ్రఫీ నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదని నేను గట్టిగా నమ్ముతా. ఇన్‌స్టాలో పెట్టిన ఫొటోకి ఎవరూ తప్పు చెప్పరు, లైక్ కొట్టి పోతారు. మ్యాగజైన్ అలా కాదు, దానికి సైజు ఉంటది, డేట్ ఉంటది, పక్కన ఆర్టికల్ ఉంటది, ప్రింటయ్యాక దిద్దుకోడానికి ఉండదు, పైగా ఫొటోలో ఉన్న ప్రతి ఒక్కళ్ళూ దాన్ని ఇంటికి తీస్కెళ్ళి అమ్మానాన్నలకి చూపిస్తారు. అందుకే కెమెరా దగ్గర మొదలుపెట్టొద్దు, పేజీ దగ్గర మొదలుపెట్టండి.

అంటే ముందు డమ్మీ చేయండి. తెల్ల కాగితాలు మధ్యకి మడిచి పుస్తకంలా పెట్టుకుని పేజీ నంబర్లు వేసుకోండి, మధ్యలో పిన్ కొట్టే మ్యాగజైన్ అయితే మొత్తం పేజీలు 4 తో భాగించబడాలి, ఇది మర్చిపోతే చివర్లో ఖాళీ పేజీలు మిగుల్తాయి. ఏ పేజీలో ఏ ఆర్టికల్, దాంట్లో ఫొటో నిలువా అడ్డమా, పెద్దదా చిన్నదా, పెన్సిల్‌తో డబ్బాలు గీసేయండి. ఇప్పుడు ఎన్‌ఎస్‌ఎస్ క్యాంప్‌కి వెళ్తే మీకు ఏం కావాలో తెలుసు, నిలువు ఫొటో ఒకటి, చేతులు పని చేస్తున్న దగ్గరి ఫొటో ఒకటి, ఊరు మొత్తం కనిపించేది ఒకటి. ఇది లేకపోతే వందల ఫొటోలు తీసి ఒక్కటీ పేజీలో పట్టక తల పట్టుకుంటారు. కవర్ కోసం తీసేటప్పుడైతే పైన ఆకాశమో గోడో ఖాళీగా వదలండి, అక్కడ మ్యాగజైన్ పేరు రావాలి కదా.

పిక్సెల్స్ లెక్క కూడా ఇక్కడే నేర్చేసుకోండి. ప్రింట్‌కి అంగుళానికి 300 పిక్సెల్స్ కావాలి, ఏ4 పేజీ నిండా ఫొటో రావాలంటే 2480 బై 3508. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో 4000 బై 3000 ఉంటది కాబట్టి ఫోన్ చాలు, కెమెరా లేదని బాధపడక్కర్లేదు. కానీ అదే ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగు వైపు దాదాపు 1600 కి కుదించుకుపోతది, అంటే 5 అంగుళాలకి మించి పెద్దది చేయలేరు. అందుకే గ్రూప్‌లో మొదటి రోజే చెప్పండి, ఫొటోలు డాక్యుమెంట్‌గా పంపండి లేదా డ్రైవ్‌లో పెట్టండి అని. స్క్రీన్‌షాట్లు అస్సలు తీస్కోవద్దు.

ఇక కెమెరా సంగతి. షట్టర్ (వెలుతురుని ఎంతసేపు లోపలికి రానిస్తామో), అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుస్తామో), ఐఎస్ఓ (వచ్చిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపిస్తదో) అని మూడు మాటలు వీడియోల్లో ఎన్నిసార్లు విన్నా ఎక్కవు, ఒక్కో ఈవెంట్‌కి ఒక్కోటి పట్టుకుంటే ఎక్కుతాయి.

షట్టర్ స్పీడ్‌కి కబడ్డీ పోటీలకి వెళ్ళండి. సెకనులో 1/500 వంతు కన్నా నెమ్మదిగా పెడితే చేతులూ కాళ్ళూ చెదిరిపోతాయి, కుదిరితే 1/1000 పెట్టండి. నిలబడి తీయకుండా కోర్ట్ పక్కన నేల మీద కూర్చోండి, మధ్య గీత మీద ముందే ఫోకస్ పెట్టుకుని బర్స్ట్‌లో (బటన్ నొక్కి పట్టుకుని వరసగా) తీయండి, రైడర్ ఎంత మందిని లాక్కుంటూ వచ్చినా చివరికి చెయ్యి చాపేది ఆ గీత మీదికే. అక్కడ అతని మొహం, వెనక పట్టుకున్న వాళ్ళ మొహాలు, అన్నీ ఒకే ఫ్రేమ్‌లో దొరుకుతాయి.

ఐఎస్ఓకి యాన్యువల్ డే. స్టేజ్ మీద వెలుతురు ఉన్నట్టే కనిపిస్తది కానీ కెమెరాకి సరిపోదు, ఐఎస్ఓ 1600 నుంచి 3200 దాకా భయపడకుండా పెంచండి, గ్రెయిన్ (చుక్కచుక్కల గరుకు) ఉన్న ఫొటో ప్రింట్‌లో బాగానే వస్తది, కదిలిపోయిన ఫొటోని మాత్రం ఎవరూ బాగు చేయలేరు. ఫోన్ ఫ్లాష్ వేయొద్దు, నాలుగు వరసల వెనక నుంచి వేస్తే ముందు కూర్చున్న వాళ్ళ తలలు వెలుగుతాయి తప్ప స్టేజ్ దాకా పోదు. ఉపన్యాసం ఇచ్చేవాళ్ళని ఎదురుగా తీస్తే మైక్ నోటికి అడ్డమొస్తది, కాస్త పక్కకి జరగండి. ఎర్ర లైట్, నీలం లైట్ పడ్డప్పుడు మొహం రంగు ముద్దలా అయిపోతది, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి తీస్తే తర్వాత ఎడిటింగ్‌లో దొరుకుద్ది. కూచిపూడి డాన్స్ ఉంటే జతి (నోటితో చెప్పే లయ మాటలు) అయిపోయి తీర్మానం (దాని ముగింపు) పడే చోటు వినండి, అక్కడ డాన్సర్ భంగిమలో ఒక్క క్షణం నిలుస్తది, ఆ క్షణానికి 1/125 కూడా చాలు. క్లాస్‌రూముల్లో ట్యూబ్‌లైట్ కింద అడ్డంగా నల్ల చారలు వస్తుంటే మన కరెంటు 50 హెర్ట్జ్ అని గుర్తుపెట్టుకోండి, షట్టర్ 1/50 కో 1/100 కో మారిస్తే చారలు పోతాయి.

అపర్చర్ నేర్చుకునేది గ్రూప్ ఫొటోలో, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే పదేళ్ళ తర్వాత మ్యాగజైన్ తెరిచేవాళ్ళు ముందు వెతికేది ఇదే. మూడు వరసలుంటే కెమెరాని ఎఫ్/8 దగ్గర పెట్టి (ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నదై ముందూ వెనకా స్పష్టంగా వస్తాయి) మధ్య వరస మొహాల మీద ఫోకస్ చేయండి, ఎఫ్/1.8 లో తీస్తే ఒక వరస స్పష్టంగా ఉండి మిగతా వాళ్ళు మసకైపోతారు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టొద్దు, కళ్ళ కింద నల్ల నీడలు పడతాయి, అందరూ కళ్ళు చికిలిస్తారు. బిల్డింగ్ నీడలోకి తీస్కెళ్ళండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా చేసిన రాజా దీన్ దయాళ్ తీసిన గ్రూప్ ఫొటోలు నెట్‌లో దొరుకుతాయి, ఒక గంట కూర్చుని అవి చూడండి, ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టారు, ఎవరి చేతులు ఎక్కడున్నాయి, చూస్తే చాలా తెలుస్తది. ఒకే గ్రూప్‌ని కదలకుండా అదే చోటి నుంచి అయిదారు సార్లు తీయండి, ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు కాబట్టి. తీసిన వెంటనే పేర్లు రాయించండి, కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి, నిలబడినవారు ఎడమ నుంచి కుడికి, ఆ కాగితాన్ని కూడా ఒక ఫొటో తీసేయండి, అప్పుడు పేర్లూ మొహాలూ ఒకే వరసలో ఫోల్డర్‌లో ఉంటాయి. ఒకరి పేరు తప్పు పడితే వాళ్ళకి అది జీవితాంతం ఉండిపోయే పేజీ. అలాగే ఎవరినైనా విడిగా దగ్గర నుంచి తీస్తే, ముఖ్యంగా అమ్మాయిల్ని, ఈ ఫొటో వేసుకోవచ్చా అని చూపించి అడగండి, వద్దంటే వెయ్యొద్దు, అంతే.

ఎడిటింగ్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు. ల్యాబ్ కంప్యూటర్‌లో గింప్ వేసుకోండి, ఫ్రీ, 2025 లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి చాలా ఫిల్టర్లు ఫొటోని శాశ్వతంగా మార్చకుండా తర్వాత సవరించుకునేలా ఉంటాయి. ఫోన్‌లో అయితే స్నాప్‌సీడ్ చాలు. ఒరిజినల్‌ని ముట్టుకోకుండా కాపీ మీద పని చేయండి, ఫైల్ పేరులో పేజీ నంబర్ పెట్టండి. ముందు వంకర సరిచేసి క్రాప్, తర్వాత వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేయడం), తర్వాత లెవెల్స్, కర్వ్స్ (వెలుగునీడలు సరిచేసేవి), చివర్లో సైజు మార్చి షార్పెన్, ఈ వరస తప్పొద్దు. షార్పెన్ ముందే చేసేస్తే సైజు మార్చినప్పుడు పోతది. లేయర్ మాస్క్ (పై పొరలో కావాల్సిన ముక్క మాత్రమే కనిపించేలా మిగతాది దాచేది) నేర్చుకోడానికి పైన చెప్పిన గ్రూప్ ఫొటోనే వాడండి, కళ్ళు మూసినవాడి తల ఇంకో షాట్ నుంచి తెచ్చి పైన లేయర్‌లో పెట్టి మాస్క్‌తో కలిపేయండి, ఇది ఒక్కసారి చేతితో చేస్తే మాస్క్ అంటే ఏంటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కానీ రానివాడిని వచ్చినట్టు అతికించడం, ఏఐతో మొహాలు తయారు చేయడం వద్దు, ఇది కాలేజ్ రికార్డ్.

ఇంకోటి, దయచేసి మొహాలు తెల్లగా చేయకండి. ప్రింట్‌లో ఫొటోలు స్క్రీన్ మీద కన్నా ముదురుగా వస్తాయి నిజమే, దానికి కర్వ్స్‌లో మధ్య టోన్లు కొంచెం పైకి లేపాలి, మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించి చూస్కోవాలి. అది వేరు, చామనఛాయ పిల్లని సున్నం వేసినట్టు చేయడం వేరు. తన మొహం తనదిలా కనిపించాలి.

లోపలి పేజీలు బ్లాక్ అండ్ వైట్ అయితే ప్రెస్ వాళ్ళకి కలర్ ఫొటో ఇచ్చి వదిలేయకండి, మీరే మార్చండి. ఎర్ర చీర, ఆకుపచ్చ చెట్టు రెండూ ఒకే బూడిద రంగైపోవచ్చు, ఛానెల్ మిక్సర్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి ఎంత కలవాలో చెప్పే చోటు) ఎరుపు పెంచితే చీర చెట్టు నుంచి విడిగా కనిపిస్తది, మనుషుల ఒంటి రంగు కూడా వెలుగొస్తది. పాత విద్యార్థుల ఫొటోలు వస్తే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి, స్కానర్ లేకపోతే కిటికీ పక్కన నీడలో, ఫ్లాష్ లేకుండా, పైనుంచి నిటారుగా తీయండి.

ఫొటో మీద తెలుగులో రాస్తే ఒత్తులు విడిపోయాయా? గింప్‌లో యూనికోడ్ ఫాంట్‌తో (ఫోన్‌లో, నెట్‌లో మామూలుగా వాడే తెలుగు) ఆ గొడవ ఉండదు, రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్ లాంటివి ఫ్రీగా దొరుకుతాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్ చేస్తేనే స్త్రీ, క్ష్మి లాంటివి సరిగ్గా కూర్చుంటాయి. డీటీపీ సెంటర్ వాళ్ళు పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) చేస్తుంటే మీ యూనికోడ్ టెక్స్ట్ నేరుగా పేస్ట్ అవదు, కన్వర్ట్ చేయాలి, కన్వర్ట్ అయ్యాక మళ్ళీ మొత్తం చదవాలి.

పేజీలు మీరే పెడితే స్క్రైబస్ అనే ఫ్రీ పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ వాడండి, 1.6 కానీ ఆ తర్వాతది కానీ. అంచుదాకా వచ్చే ఫొటోని నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించండి, కటింగ్‌లో కాస్త అటూఇటూ అయినా తెల్ల గీత రాదు. రెండు పేజీల మీద పరిచిన ఫొటోలో మడత దగ్గర ఎవరి మొహమూ లేకుండా చూస్కోండి. సీఎంవైకే (ప్రెస్ వాడే నాలుగు ఇంకుల రంగులు) పీడీఎఫ్ ఇవ్వాలంటే ఏ కలర్ ప్రొఫైల్ కావాలో ముందే ప్రెస్‌లో అడగండి, ముదురు నీలాలు, మెరిసే ఆకుపచ్చలు ఇంకులో కొంచెం మందగిస్తాయి, దాన్ని ముందే స్క్రీన్ మీద ప్రూఫ్ వ్యూలో చూడొచ్చు.

ఫైనల్ ఇచ్చే ముందు ప్రతి పేజీనీ అసలు సైజులో ఏదైనా లేజర్ ప్రింటర్‌లో తీయించి గోడకి వరసగా అంటించండి. ఏది మరీ ముదురుగా ఉంది, ఎవరు మూడు పేజీల్లో ఉన్నారు, ఏ సెక్షన్ వాళ్ళు ఒక్క ఫొటోలో కూడా లేరు, అన్నీ అక్కడ బయటపడతాయి. లేనివాళ్ళు ఎవరైనా కనిపిస్తే ఆ రోజే కెమెరా తీస్కుని వాళ్ళ క్లాస్‌కి వెళ్ళండి.