కొత్త గ్లో ఇంజిన్ మొరాయిస్తోందా? బ్రేక్-ఇన్‌లో వచ్చే చిక్కులు, మందులు

ఇది మోడల్ విమానాలకు వాడే 40, 46 సైజు (0.40, 0.46 ఘనపు అంగుళాల) టూ-స్ట్రోక్ గ్లో ఇంజిన్లకు. కొత్త ఇంజిన్ భాగాలు ఒకదానికొకటి అమరేలా మొదట్లో జాగ్రత్తగా నడపడమే బ్రేక్-ఇన్. ముందు మాన్యువల్‌లో ఒక్కటి చూసుకోండి: మీది ఏబీసీ రకమా (అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూత పూసిన ఇత్తడి స్లీవ్, రింగు ఉండదు), పిస్టన్‌కి రింగు ఉన్న రకమా? సగం చిక్కులు రింగు ఇంజిన్ వైద్యం ఏబీసీకి చేయడం వల్లే వస్తాయి.

ప్రాప్ (ప్రొపెల్లర్) తిప్పితే పిస్టన్ పైన పట్టేస్తోంది

ఏబీసీలో ఇది లోపం కాదు. స్లీవ్, అంటే పిస్టన్ కదిలే గొట్టం, పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది; వేడెక్కి సాగితేనే పిస్టన్‌కి దారిస్తుంది. డిసెంబరు పొద్దున బెంగళూరు చలికి ఇంకా బిగుస్తుంది. బలవంతంగా తిప్పకండి. హెయిర్ డ్రయ్యర్‌తోనో హీట్ గన్‌తోనో హెడ్డు చెయ్యి ఆనించలేనంత వేడయ్యేదాకా కాచి, అప్పుడు తిప్పండి. పక్కన పెట్టేటప్పుడు పిస్టన్ కిందే ఉండాలి.

పట్టు మెల్లగా కాక, గోడకు కొట్టుకున్నట్టు ఠక్కున ఆగితే లోపల ఫ్యూయల్ నిండిందని అర్థం. అప్పుడు ఎలక్ట్రిక్ స్టార్టర్ ఆనిస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ విప్పి, ఇంజిన్ బోర్లించి, చేత్తో నాలుగైదు సార్లు తిప్పి కక్కించండి.

స్టార్ట్ అవుతుంది, గ్లో ప్లగ్‌ని వేడిచేసే బ్యాటరీ తీయగానే ఆగిపోతుంది

మిశ్రమం మరీ రిచ్‌గా (గాలికి ఫ్యూయల్ ఎక్కువై) ఉంది, లేదా ప్లగ్ చచ్చింది. ప్లగ్ విప్పి, బ్యాటరీకి తగిలించి చూడండి: తీగ మొత్తం నారింజ రంగులో వెలగాలి. వెలగకపోతే ముందు బ్యాటరీని అనుమానించండి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో కొన్న చవక సెల్ వోల్టేజీ చూపిస్తుంది గానీ, ప్లగ్ లాగే రెండు మూడు ఆంపియర్లు ఇవ్వలేదు. ప్లగ్ బాగుంటే కార్బురేటర్‌లో ఫ్యూయల్‌ని తగ్గించి పెంచే నీడిల్‌ని ఎనిమిదో వంతు చుట్టు చొప్పున మూయండి.

నూనె కక్కుతూ గుడగుడమంటోంది, హెడ్డు చల్లగానే ఉంది

రింగు ఇంజిన్ అయితే సంతోషించండి. మొదటి రెండు మూడు ట్యాంకులు అలాగే నడవాలి. ఏబీసీకి మాత్రం ఇదే చేటు. చల్లటి స్లీవ్ సాగదు, పిస్టన్ ప్రతి చుట్టులోనూ పైన ఒరుసుకుంటుంది, రాడ్ మీద ఆ బరువంతా పడుతుంది. "కొత్తది కదా, పాపం, రిచ్‌గా నడుపుదాం" అనే జాలి దాన్ని అరగదీస్తుంది.

మందు: 40కి 10×6, 46కి 11×6 ప్రాప్ (అంగుళాల్లో వ్యాసం, పిచ్) వేసి, థ్రాటిల్ పూర్తిగా తెరవండి. గుడగుడ పోయి సన్నటి కూత అప్పుడప్పుడు వచ్చిపోయే చోటికి నీడిల్ తేండి. రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి. పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా ఆరేడు సార్లు. కాగడం, చల్లారడం, ఇదే అసలు బ్రేక్-ఇన్. నీడిల్ ఎప్పుడూ ప్రాప్ వెనక నుంచే తిప్పాలి.

వేగం ఎక్కి, కూత సన్నబడి, ఆగిపోతోంది

మిశ్రమం లీన్ అయింది, అంటే ఫ్యూయల్ తగ్గింది. ఫ్యూయల్ ట్యూబుని రెండు వేళ్లతో అరక్షణం నొక్కి వదలండి. శబ్దం ఒక్కసారి పైకి లేస్తే ఇంకా రిచ్, భయం లేదు. లేవకుండా కూలబడితే వెంటనే నీడిల్ పావు చుట్టు తెరవండి. ట్యూబులో బుడగలు కనిపిస్తే నీడిల్ జోలికి వెళ్లకండి: ట్యాంకు లోపలి గొట్టానికి చిల్లి పడి ఉంటుంది, లేదా వణుకుకి ఫ్యూయల్ నురగ కడుతోంది. గొట్టం మార్చండి, ట్యాంకు చుట్టూ స్పాంజ్ చుట్టండి.

ఫ్యూయల్ సొంతంగా కలిపితే లీటరుకి 800 మి.లీ. మెథనాల్, 200 మి.లీ. ఆముదం. బండికి పోసే 2టీ ఆయిల్ మెథనాల్‌లో కరగదు; ఇంజిన్‌కి నూనె అందక పట్టేస్తుంది. తలకు రాసుకునే సువాసన ఆముదమూ వద్దు. మెథనాల్ విషం, పైగా దాని మంట ఎండలో కంటికి కనపడదు.

బెంగళూరులో బాగుంది, చెన్నైలో వేడెక్కిపోతోంది

బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి సముద్రమట్టం కన్నా దాదాపు 8 శాతం పలచన. ఆ నీడిల్‌తోనే చెన్నైకి దిగితే గాలి ఎక్కువై మిశ్రమం లీన్ అవుతుంది. పావు చుట్టు తెరిచి మొదలుపెట్టి, ట్యూబు నొక్కి చూసి సరిచేయండి. చెన్నైలో డబ్బా మూత కూడా బిగించి ఉంచాలి, మెథనాల్ గాలిలోని తేమను పీల్చేస్తుంది.

పోయిన వారం నడిచింది, ఇప్పుడు గరగరమంటోంది

బేరింగ్ తుప్పు పట్టింది. బేరింగ్ మార్చడమే దారి. ఇకపై రోజు ముగిశాక ట్యూబు పీకి, లోపలి చుక్కతో సహా కాలిపోయి ఆగేదాకా ఐడిల్‌లో నడపండి. తర్వాత కార్బురేటర్‌లో నాలుగు చుక్కల ఆఫ్టర్-రన్ ఆయిల్ (తుప్పు పట్టకుండా వేసే నూనె) వేసి పది చుట్లు తిప్పండి.