గాలి బాగుంది, అలలు దాటలేకపోతున్నాం: ఎక్కడ తేడా కొడుతోంది?

సమస్య: యాప్‌లో గాలి 15 నాట్లు (గంటకి దాదాపు 28 కి.మీ.), అలలు ఒక మీటరే అని చూసి విండ్‌సర్ఫింగ్‌కి బోర్డు, సెయిల్ (తెరచాప) కట్టుకుని విశాఖ రుషికొండ బీచ్‌కి వెళ్తారు. దిగిన ప్రతిసారీ కెరటం ఎత్తి ఒడ్డున పడేస్తుంది. వెంటనే సెయిల్ పెద్దది తీసుకోవాలా, ఫిన్ (బోర్డు అడుగున ఉండే రెక్క) మార్చాలా అని మొదలుపెడతారు. రెండూ వద్దు.

గాలి ఎటు నుంచో చూశారా? ఎన్నిసార్లు చెప్పినా ఇది వదిలేసి స్పీడ్ ఒక్కటే చూస్తారు. విశాఖ తీరం దాదాపు ఆగ్నేయం వైపు తిరిగి ఉంటుంది కాబట్టి నైరుతి గాలి ఒడ్డు వెంబడి వీస్తుంది, మనకి కావాల్సింది అదే. ఆగ్నేయమైతే మిమ్మల్ని తిరిగి ఒడ్డుకే తోస్తుంది. వాయవ్యమైతే ఇంకా ప్రమాదం, ఒడ్డు దగ్గర నీళ్లు నున్నగా కనిపిస్తాయి, లోపలికి వెళ్లడం హాయిగా ఉంటుంది, తిరిగి రావడమే కష్టం. అలాంటి రోజు బోర్డు కారు మీంచి దించొద్దు.

దిక్కు బాగానే ఉందంటే అసలు దొంగ పీరియడ్. ఒక అల తర్వాత ఇంకో అల రావడానికి పట్టే సెకన్లు అన్నమాట. యాప్‌లో ఎత్తు పక్కనే చిన్న అంకెగా ఉంటుంది, ఎవరి కన్నూ దాని మీద పడదు. ఒకే ఎత్తున్న అలల్లో 7 సెకన్ల దానికంటే 14 సెకన్లది రెట్టింపు శక్తి మోసుకొస్తుంది, పైగా లోతు తగ్గేకొద్దీ ఎక్కువ లేస్తుంది. ఇక్కడ గాలి లేకపోయినా ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను లేపిన అల రోజుల తర్వాత మన ఒడ్డుకి వస్తుంది. అవి గుంపులుగా వస్తాయి, మధ్యలో కొన్ని నిమిషాలు సముద్రం ఏమీ ఎరగనట్టు ఉంటుంది. సరిగ్గా అప్పుడే బీచ్‌కి చేరిన మనిషి రెండు నిమిషాలు చూసి "ఏముంది, ప్రశాంతంగానే ఉంది" అని దిగిపోతాడు. నడుము లోతుకి వెళ్లేసరికి గుంపు వస్తుంది, సెయిల్ నీళ్లలో మునుగుతుంది, మాస్ట్ (సెయిల్‌ని నిలబెట్టే కర్ర) కొన ఇసుకలో దిగబడుతుంది, వెనక అల బోర్డుని దాని మీదికి తోస్తుంది, మాస్ట్ టప్‌మని విరుగుతుంది. ఒడ్డు నిటారుగా ఉన్న చోట, పోటు మీద ఇది ఇంకా ఘోరం.

పరిష్కారం: హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే సముద్ర సూచనలో స్వెల్ (దూరం నుంచి వచ్చే అల) ఎత్తు, పీరియడ్ రెండూ చూడండి. అలల ఎత్తు అని ఇచ్చేది మొత్తం అలల్లో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు అలల సగటు, ఒక్కో అల దానికి రెట్టింపు దాకా రావచ్చు. పీరియడ్ 12 సెకన్లు దాటితే, ఒడ్డు మీదే విరుచుకుపడుతుంటే, అలల్లో అలవాటు లేనివాళ్లు ఆ రోజుకి మానేయడమే. వెళ్లేవాళ్లు 20 నిమిషాలు కూర్చుని గుంపులు లెక్కపెట్టి, గుంపు పోయిన వెంటనే దిగాలి. బోర్డుని మీకూ అలకీ మధ్య ఎప్పుడూ పెట్టుకోవద్దు.

ఫిన్‌కి వల ముక్క చుట్టుకోవడం, మాస్ట్ బేస్ (మాస్ట్ బోర్డుకి కలిసే చోటు) వదులవడం లాంటివి అరుదు. సెయిల్ బిగించేటప్పుడు ఒకసారి చేత్తో తడిమితే తెలిసిపోతుంది.