సహాబాల జీవితాల్లోంచి మనకి పనికొచ్చేది తీస్కోవడం ఎలా

రంజాన్ వచ్చిందంటే వాట్సాప్ నిండా సహాబాల, అంటే ప్రవక్త ముహమ్మద్ సహచరుల, కథలే. హజ్రత్ ఉమర్ న్యాయం, హజ్రత్ బిలాల్ ఓర్పు, హజ్రత్ ఉస్మాన్ దానం, చదువుతాం, కళ్లు చెమ్మగిల్లుతాయి, సుబ్‌హానల్లా అని పెట్టి ఇంకో పదిమందికి పంపిస్తాం, తెల్లారితే మళ్లీ మన కోపం మనదే, మన బద్ధకం మనదే. నాకు చాలా ఏళ్లు ఇలాగే గడిచిపోయింది. చిన్నప్పుడు మా నానీ (అమ్మమ్మ) పక్కలో పడుకోబెట్టుకుని బిలాల్ గారి కథ చెప్పేది, మండే ఇసకలో పడుకోబెట్టి గుండెల మీద బండరాయి పెడితే "అహద్, అహద్" అన్నారంట, అంటే దేవుడొక్కడే అని, అది విన్నప్పుడల్లా ఏడ్చేవాణ్ణి. కానీ ఆ కథతో స్కూల్లో నేనేం చెయ్యాలో మాత్రం అర్థం అయ్యేది కాదు, నా మీద ఎవరూ బండలు పెట్టట్లేదు కదా!

(ముందే చెప్తున్నా, పేరు పేరుకీ పక్కన గౌరవంగా పెట్టే స, రజి అనే దీవెన గుర్తులు టైప్ చెయ్యట్లేదు, చదివేటప్పుడు మీరు అనుకోండి.)

నాకు పనిచేసిన పద్ధతి చెప్తా. ఇది మౌలానాలు చెప్పింది కాదు, నా అంతట నేను తంటాలు పడి నేర్చుకున్నది, తప్పులుంటే తిట్టండి పర్లేదు.

మొదటి పని, వాళ్ల గొప్పతనంతో మొదలుపెట్టొద్దు, వాళ్లు ఇరుక్కుపోయిన చోటు వెతకండి. ఎక్కడ తడబడ్డారు, ఎక్కడ భయపడ్డారు, ఎక్కడ ఇవాళ కాదులే రేపు చూద్దాం అనుకున్నారు. గొప్పతనం చదివితే సలాం కొట్టి పక్కకి తప్పుకుంటాం, ఇబ్బంది చదివితే అరె ఇది నా కథే కదా అనిపిస్తుంది.

నన్ను మార్చిన కథ కఅబ్ ఇబ్న్ మాలిక్ గారిది. ఆయన మదీనా వాసి, అన్సారీ (ప్రవక్తకి ఆశ్రయమిచ్చిన మదీనా ముస్లిం), మంచి కవి. క్రీ.శ. 630లో, అంటే హిజ్రీ 9లో, తబూక్ దండయాత్రకి బయల్దేరాలని ప్రవక్త అందరికీ చెప్పారు. మదీనా నుంచి ఉత్తరానికి దాదాపు 700 కిలోమీటర్లు, పైగా ఎండాకాలం, చెట్లకి పళ్లు మాగి నీడలో కూర్చుంటే హాయిగా ఉండే రోజులు. కఅబ్ గారికి ఏ లోటూ లేదు, ఆయనే చెప్పుకున్నారు, అంతకుముందెప్పుడూ నా దగ్గర రెండు ఒంటెలు లేవు, అప్పుడున్నాయి అని. పొద్దున్నే సామాను సర్దుకుందామని బయల్దేరతారు, ఏమీ చెయ్యకుండా ఇంటికొస్తారు, నాకేంటి ఎప్పుడనుకుంటే అప్పుడు చేస్కోగలను అనుకుంటారు. మర్నాడూ అంతే. జనం వెళ్లిపోయారు. ఒకటి రెండ్రోజులు ఆగి వెళ్లి కలుస్తాలే అనుకున్నారు, అదీ జరగలేదు. ఆ తర్వాత ఊళ్లో తిరిగితే కనపడేవాళ్లంతా కపటులని పేరుపడ్డ వాళ్లో, వెళ్లే శక్తి లేని బలహీనులో, ఆయనకి లోపల్లోపల ఒకటే బాధ.

ఇది చదివినప్పుడు నేను ఒక అప్లికేషన్ నింపకుండా మూడు వారాలుగా ఓపెన్ చేసి క్లోజ్ చేస్తున్నా. నిజంగా ఉలిక్కిపడ్డా. 1400 ఏళ్ల కింద మదీనాలో ఒక మనిషి నాలాగే రేపు రేపు అనుకున్నాడా!

అసలు విషయం ఆ తర్వాత ఉంది. ప్రవక్త తిరిగొచ్చాక ఎనభైమందికి పైగా వెళ్లి ఏవో సాకులు చెప్పారు, ఆయన ఒప్పుకుని పంపించేశారు. కఅబ్ గారు కవి, మాటలకి కొదవలేదు, ఇంకెవరి ముందైనా అయితే ఏదో ఒకటి చెప్పి బయటపడేవాణ్ణి అని ఆయనే అన్నారు, కానీ అక్కడ కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశారు, నాకే సాకూ లేదు అని. దానికి ఫలితం 50 రోజులు ఎవరూ పలకరించకపోవడం, ఆయనతో పాటు నిజం చెప్పిన మరో ఇద్దరికి కూడా. చిన్నాన్న కొడుకు అబూ ఖతాదా తోట గోడెక్కి వెళ్లి సలాం చెప్తే జవాబు రాలేదు, ఏడ్చుకుంటూ వెనక్కొచ్చారు. మధ్యలో ఉత్తరాన ఉండే గస్సాన్ అరబ్బుల రాజు దగ్గర్నుంచి ఉత్తరం, మీవాళ్లు నిన్ను దూరం పెట్టారంట మా దగ్గరికి రా అని, దాన్ని తీస్కెళ్లి పొయ్యిలో పడేశారు. యాభయ్యో రోజు తెల్లవారుజామున నమాజు చేసుకుని ఇంటి పైకప్పు మీద కూర్చుంటే సలా కొండ మీంచి ఒకాయన కేక, కఅబ్! శుభవార్త! అని. ఖుర్ఆన్ 9వ సూరా (అధ్యాయం) 118వ ఆయతులో (వాక్యంలో) ఆ ముగ్గురి క్షమాపణ ఉంది. ఇదంతా ఎవరో పక్కనుంచి చూసి చెప్పింది కాదు, ఆయనే ముసలితనంలో చూపు పోయాక చెయ్యి పట్టుకుని నడిపించే కొడుక్కి చెప్పుకున్నది. తన తప్పుని కొడుక్కి అంత వివరంగా చెప్పుకునే తండ్రి మనలో ఎంతమంది ఉంటారు?

ఇప్పుడు ఇందులోంచి ఏం తీస్కోవాలి? రెండో పని ఇదే, మొత్తం కథ మోయొద్దు, ఒక్క చిన్న పని పట్టుకోండి, అదీ ఇవాళ సాయంత్రం లోపు అయిపోయేది. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నా, పేజీకి మూడు లైన్లు, ఆయన ఏ ఇరుకులో ఉన్నారు, ఏం చేశారు, నేను ఇవాళ ఏం చేస్తా. కఅబ్ గారి పేజీలో మూడో లైన్ "లేటుకి కారణం అడిగితే సాకు చెప్పను, చెయ్యలేదు అని చెప్తా" అని రాసుకున్నా. ఇంత చిన్నదా అనిపిస్తుంది కానీ ఆఫీస్‌లో మర్నాడు నోరు తెరిచి నెట్ పనిచెయ్యలేదండి అనబోయి ఆగిపోవడం ఎంత కష్టమో చేసి చూడండి.

"నేను ఓపికగా ఉంటా", "నేను మంచి ముస్లింగా మారతా" ఇలాంటివి మూడో లైన్లో రాస్తే పని జరగదు. ఎవరికి ఫోన్ చేస్తా, ఎంత డబ్బు పక్కన పెడతా, ఎన్ని గంటలకి పడుకుంటా, అలా ఉండాలి.

మూడోది, మీ ఇబ్బందికి సరిపడే మనిషిని ఎంచుకోండి. సహాబాలంతా ఒక్కలాంటి వాళ్లు కాదు, ఈ సంగతి మన బయానుల్లో (మసీదు ప్రసంగాల్లో) సరిగ్గా చెప్పరని నా ఫిర్యాదు. అబూ జర్ గారు లోకం వదిలేసినంత సాదాగా బతికారు, అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్ గారు పెద్ద వ్యాపారి, ఇద్దరూ సహాబాలే. బిజినెస్ నష్టపోయి కూర్చున్న వాడికి పేదరికం గొప్పతనం గురించి చెప్తే ఏం ఉపయోగం, వాడికి ఇబ్న్ ఔఫ్ గారి కథ కావాలి.

ఆయన 622లో మక్కాలో ఉన్నదంతా వదిలేసి మదీనా వచ్చారు. వలస వచ్చిన ఒక్కొక్కరికీ మదీనా వాళ్లలో ఒకర్ని అన్నదమ్ములుగా ప్రవక్త కలిపారు, ఈయనకి దొరికింది సఅద్ ఇబ్న్ రబీ, బాగా డబ్బున్నాయన, నా ఆస్తిలో సగం తీస్కో అన్నారు. ఈయన అల్లా నీ ఇంట్లో, నీ ఆస్తిలో బర్కత్ (వృద్ధి) ఇవ్వాలి, నాకు బజారు ఎటో చూపించు చాలు అన్నారు. మదీనాలోని బనూ ఖైనుఖా అనే యూదు తెగ వాళ్ల బజారుకి వెళ్లి ఎండబెట్టిన పెరుగు గడ్డలు, నెయ్యితో బేరం మొదలుపెట్టారు. కొన్నాళ్లకి బట్టల మీద పసుపుపచ్చని అత్తరు మరకతో కనిపిస్తే ప్రవక్త ఏంటి సంగతి అని అడిగారు, పెళ్లి చేసుకున్నానండి అన్నారు, మెహర్ (పెళ్లికూతురికి ఇచ్చే కానుక) ఎంత అంటే ఖర్జూర గింజంత బంగారం. అయితే ఒక్క గొర్రెతోనైనా వలీమా (పెళ్లి విందు) పెట్టు అన్నారు ప్రవక్త. ఉద్యోగం పోయి ఊరు మారి వచ్చిన వాళ్లెవరైనా, గల్ఫ్ నుంచి ఖాళీ చేతుల్తో తిరిగొచ్చిన వాళ్లయినా, ఆ "బజారు ఎటో చూపించు" అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. సాయం చేస్తానన్నాయన్ని నొప్పించలేదు, దుఆ (దీవెన) ఇచ్చారు, అడిగింది దారి మాత్రమే. మూడో లైన్లో ఏం రాసుకోవాలంటే, ఈ ఊళ్లో నా పని తెలిసిన ఒక్క మనిషిని ఇవాళ అడగడం, డబ్బు కాదు, దారి.

ఇంట్లో అందరూ అలిగి కూర్చుంటే, ఎవరూ మాట వినకపోతే, ప్రవక్త భార్య ఉమ్మె సలమా గారిని చదవండి. 628లో మక్కా దగ్గర్లోని హుదైబియాలో మక్కా వాళ్లతో ఒప్పందం జరిగింది, ఉమ్రా (మక్కా యాత్ర) చెయ్యకుండానే వెనక్కి వెళ్లాలి, అందరికీ గుండె మండిపోతోంది, ప్రవక్త ఖుర్బానీ ఇచ్చి తల గుండు చేయించుకోండి అని మూడుసార్లు చెప్పినా ఒక్కరూ లేవలేదు. ఆయన గుడారంలోకి వచ్చి భార్యతో చెప్తే ఆవిడ, మీరు ఎవరితో ఏమీ మాట్లాడకండి, బయటికెళ్లి మీ జంతువుని మీరు ఖుర్బానీ చెయ్యండి, మంగలిని పిలిచి మీ గుండు మీరు చేయించుకోండి అంది. ఆయన అలాగే చేశారు, అందరూ లేచారు. పిల్లలకి ఫోన్ పక్కన పెట్టమని నాలుగోసారి అరిచే ముందు నేను ఇది గుర్తు తెచ్చుకుంటా. నా ఫోన్ తీస్కెళ్లి బీరువాలో పెడతా. సగం రోజులు పనిచేస్తుంది, సగం రోజులు పెద్దోడు నన్ను చూసి నవ్వుతాడు.

టైమ్ లేదు అనే వాళ్లకి ఉమర్ గారిది. ఆయన మదీనా ఎగువ వైపు ఉండేవారు, పక్కింటి అన్సారీతో వంతులు వేసుకున్నారు, ఒకరోజు ఈయన ప్రవక్త దగ్గరికి వెళ్తే ఒకరోజు ఆయన, వచ్చినాయన ఆరోజు విన్నదంతా రెండో ఆయనకి చెప్పాలి. మిగతా రోజు ఎవరి పని వాళ్లది. మా తమ్ముడూ నేనూ ఇలాగే చేస్తున్నాం, ఒకరం చదివి రెండో వాడికి ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడతాం. ఉర్దూ బయాను సగమే అర్థమయ్యే మనలాంటి తెలుగు ముస్లింలకి ఇది ఇంకా పనికొస్తుంది, ఎవరో ఒకరు తెలుగులో చదివి మన ఇంటి భాషలో చెప్తారు కదా.

ఇంకో జాగ్రత్త, ఎక్కువ చెయ్యొద్దు. కొత్తలో ఊపొచ్చి రాత్రంతా తహజ్జుద్ (రాత్రి నమాజు), సోమవారం గురువారం రోజా (ఉపవాసం), సోషల్ మీడియా మొత్తం డిలీట్, మూడోవారానికి అన్నీ ఎగిరిపోతాయి. అబూ దర్దా గారు ఇలాగే పగలు రోజా రాత్రి నమాజు అంటూ భార్యని పట్టించుకోవడం మానేశారు. ప్రవక్త ఆయనతో అన్నదమ్ములుగా కలిపిన సల్మాన్ ఫార్సీ గారు చూడ్డానికి వస్తే ఆవిడ మాసిన బట్టల్లో ఉంది, ఏంటమ్మా అంటే మీ తమ్ముడికి ఈ లోకంతో పనిలేదు అంది. సల్మాన్ గారు నువ్వు తింటేనే నేను తింటా అని ఆయనతో రోజా మాన్పించారు, రాత్రి నమాజుకి లేస్తే పడుకో అన్నారు, మళ్లీ లేస్తే మళ్లీ పడుకో అన్నారు, రాత్రి చివరి భాగంలో ఇప్పుడు లే అని ఇద్దరూ కలిసి నమాజు చేశారు. నీ ప్రభువుకి నీ మీద హక్కుంది, నీ ప్రాణానికి నీ మీద హక్కుంది, నీ ఇంటివాళ్లకి నీ మీద హక్కుంది, ఎవరి హక్కు వాళ్లకివ్వు అన్నారు. ప్రవక్తకి చెప్తే సల్మాన్ నిజం చెప్పాడు అన్నారు. అందుకే నెలకి ఒక్క మనిషి, ఒక్క పని, అంతకి మించి పెట్టుకోను.

ఫార్వర్డుల సంగతి కూడా చెప్పాలి. ప్రవక్త మీద రోజూ చెత్త వేసిన ముసలమ్మ కథ మనందరికీ తెలుసు, నేనూ స్టేజి ఎక్కి చెప్పాను చిన్నప్పుడు, ప్రైజ్ కూడా వచ్చింది. అది హదీసు (ప్రవక్త మాటలు, పనుల) గ్రంథాల్లో దొరకదని పండితులు చెప్తారు. చైనా వెళ్లైనా విద్య నేర్చుకో అనేది కూడా బలమైన హదీసు కాదంటారు. నేను పైన వివరంగా చెప్పినవి మాత్రం సహీ బుఖారీ అనే హదీసు గ్రంథంలో ఉన్నవే. కథ నచ్చగానే పంపేయకుండా ఏ గ్రంథం, ఏ నంబరు అని అడగడం అలవాటు చేస్కోండి, మసీదులో ఇమాం సాబ్‌ని అడిగినా చెప్తారు, కఅబ్ గారి నిజాయితీ గురించి అబద్ధం ఫార్వర్డ్ చేస్తే బాగోదు కదా.

ముస్లిం కాని ఫ్రెండ్స్ కూడా ఒకరిద్దరు ఈ నోట్‌బుక్ పద్ధతి అడిగారు, హాయిగా చేస్కోవచ్చు, ఇబ్న్ ఔఫ్ గారి బజారు ఎవరిదైనా బజారే.

ఈ నెల నా పేజీలో ఉన్నది తల్హా గారు. కఅబ్ గారి కథ చివర్లో వస్తారు, చిన్న పాత్ర. క్షమాపణ వచ్చిందని తెలిసి కఅబ్ గారు మసీదులోకి వస్తే ముహాజిర్లలోంచి (మక్కా నుంచి వలస వచ్చిన వాళ్లలోంచి) తల్హా ఒక్కరే లేచి పరుగున ఎదురెళ్లి చెయ్యి కలిపి అభినందించారు, కఅబ్ గారు అది జీవితాంతం మర్చిపోలేదు. మూడో లైన్లో ఒక పేరు రాసుకున్నా, అప్పుల గొడవలో పడి ఏడాదిగా ఎవరికీ మొహం చూపించని మా పాత వీధి కుర్రాడిది. మొన్న జుమాకి (శుక్రవారం నమాజుకి) వెనక వరసలో కనిపించాడు. నమాజు అవ్వగానే జనం మధ్యలోంచి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి పట్టుకున్నా. వాడు రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అన్నా చాయ్ తాగుదామా, డబ్బులు మాత్రం నువ్వే ఇవ్వాలి" అన్నాడు.