గన్నవరం టికెట్ దొరక్కపోతే మధురపూడి చూసేముందు

గన్నవరంలో (విజయవాడ విమానాశ్రయం) టికెట్ రేటు ఎక్కువగా ఉందని రాజమండ్రి (మధురపూడి విమానాశ్రయం) నుంచి బుక్ చేద్దామనుకుంటున్నారా? ముందు దారి లెక్క వేసుకోండి. రెండు విమానాశ్రయాల మధ్య గాల్లో సుమారు 125 కిలోమీటర్లే. రోడ్డు మీద మాత్రం 150 దాకా వస్తుంది, అంటే కారులో దాదాపు మూడు గంటలు. గుంటూరు వాళ్లకైతే అసలు టెన్షన్ ఏలూరు వైపు కాదు, విజయవాడ దాటడమే. కృష్ణా నది మీది వారధి నుంచి రామవరప్పాడు రింగ్ వరకు సాయంత్రం పూట ఎంతసేపు పడుతుందో చెప్పలేం. దానికి అదనంగా ఒక గంట పెట్టుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం కాస్త ఖర్చైనా గన్నవరమే మేలు. కారు బాడుగ కూడా కలిపి చూడండి, టికెట్‌లో మిగిలింది చాలాసార్లు అక్కడే పోతుంది.