ఇంటి థర్మోస్టాట్, 4వ పాఠం: ఫ్యాన్ ‘ఆన్’లో పెట్టి వదిలేస్తే

మేడమీద గదుల వేడి తగ్గాలంటే థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ని (సెంట్రల్ ఏసీ గాలిని ఇల్లంతా తిప్పేది) ‘ఆన్’లో పెట్టమని పోయిన పాఠంలో చెప్పాను. మళ్లీ ‘ఆటో’కి ఎప్పుడు తిప్పాలో చెప్పలేదు, తప్పు నాదే. అమెరికాలో తేమ ఎక్కువుండే హ్యూస్టన్ వైపు వాళ్లందరిదీ ఒకటే గోల: ఇల్లు చల్లగానే ఉంది గానీ ఒళ్లంతా జిగట, ఉప్పు చెమ్మగిల్లుతోంది, వేయించిన అప్పడాలు గంటలో మెత్తబడుతున్నాయి. డెన్వర్ వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు, అక్కడి గాలే పొడి.

రెండు సెట్టింగుల అర్థాలు ఒక్క ముక్కలో: ‘ఆన్’లో ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, ‘ఆటో’లో ఏసీ గానీ హీటర్ గానీ నడిచేటప్పుడే. కొందరు మాత్రం సిస్టమ్ కింద ఉన్న ‘ఆటో’ నొక్కారు. అది ఏసీ, హీటర్ల మధ్య దానంతటదే మారేది. మనకి కావలసింది ఫ్యాన్ కింద ఉన్నది.

ఇక జిగట సంగతి. ఏసీ నడుస్తుంటే గాలిలో తేమ లోపలి కాయిల్ మీద నీరై, ట్రేలోకి జారి, గొట్టంలోంచి బయటికి పోతుంది. గది 75 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి రాగానే కంప్రెసర్ ఆగుతుంది. కాయిల్ రెక్కలకి మాత్రం ఇంకా నీళ్లు పట్టుకునే ఉంటాయి. ‘ఆటో’లో ఫ్యాన్ కూడా ఆగిపోతుంది కాబట్టి అవి నింపాదిగా కారిపోతాయి. ‘ఆన్’లో ఉంటే తడిబట్ట మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పినట్టే. కరెంటు ఖర్చుపెట్టి పట్టిన నీళ్లు ఆవిరై మళ్లీ పడగ్గదికే చేరతాయి. ఇంటికి మించిన ఏసీ పెట్టుకుని, అది పది నిమిషాలకోసారి ఆగుతుంటే మరీ ఘోరం. అప్పుడు జనం ఏం చేస్తారు? 75ని 72కి దించుతారు. చలేస్తుంది, బిల్లు పెరుగుతుంది, జిగట అంతగా తగ్గదు. డీహ్యూమిడిఫైయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) కొనేముందు దయచేసి మూడు రోజులు ‘ఆటో’లో ఉంచి చూడండి.

పోపు ఘాటు పోవాలని ‘ఆన్’ పెట్టేవాళ్లూ ఉన్నారు. మామూలు ఫిల్టర్ దుమ్మునే ఆపుతుంది, వాసనని కాదు. ఇంగువ వాసన అల్మరాలో చీరల దాకా పోతుంది. పొగని బయటికి పంపే హుడ్ ఉంటే అది వేయండి.

కొన్ని థర్మోస్టాట్లలో ఉండే మూడో ఫ్యాన్ సెట్టింగ్ ‘సర్క్యులేట్’ గంటలో కొన్ని నిమిషాలే ఫ్యాన్ తిప్పుతుంది. తేమ ఊళ్లలో నేనైతే వేసవంతా ‘ఆటో’, చలికాలంలో గంటకి 15 నిమిషాలు ‘సర్క్యులేట్’. ఇక కరెంటు లెక్క: ఫ్యాన్‌కి పాత రకం మోటారు 400 వాట్లు లాగుతుందనుకుంటే ‘ఆన్’లో నెలకి 288 యూనిట్లు. కరెంటు తక్కువ లాగే కొత్త ఈసీఎం రకం మోటారు నెమ్మది వేగంలో 100 వాట్లే అనుకున్నా 72.

అభ్యాసం: చిన్న హైగ్రోమీటర్ (తేమ శాతం చూపేది) కొని హాల్లో పెట్టండి. ఉష్ణోగ్రత మార్చకుండా మూడు రోజులు ‘ఆన్’, మూడు రోజులు ‘ఆటో’. రోజూ ఉదయం 7కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 10కి తేమ శాతం రాయండి, పక్కనే బయటి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కూడా. ‘ఆటో’లోనూ 60 కంటే దిగకపోతే బ్లోయర్ (అదే ఈ ఫ్యాన్) వేగం ఎక్కువై ఉండొచ్చు. ఏసీ సామర్థ్యం ఒక్కో టన్నుకి నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి మామూలు లెక్క, తేమ ఊళ్లలో 350 మేలు. ఆ మార్పు 5వ పాఠంలో.