నిద్ర పట్టని రాత్రులు, లేపాక్షి తీగలు (నా అనుభవం)

నాన్న పోయినాక ఆర్నెల్లు నాకు సరిగ్గా నిద్రే లేదు. అనంతపురంలో షాపు లెక్కలు చూసుకోని ఇంటికొచ్చి పడుకుంటే చాలు ఆస్పత్రి బిల్లులు, అప్పులు అన్నీ తలకాయలో తిరుగుతానే ఉండేవి, ఫోన్ చూస్తా చూస్తా రెండయ్యేది.

ఒక ఆదివారం మా అత్త 'పా నాయనా, లేపాక్షికి పోయొద్దాం' అని పిల్చుకోని పోయింది. లతా మండపం స్తంభాల మీద చెక్కిన తీగలు చూస్తా, వేలితో గాల్లోనే గీస్తా కూర్చుంటే ఎంతసేపైందో తెలీలా.

ఆ రాత్రే గీతల్లేని నోట్‌బుక్, పెన్సిల్ తీసుకున్నా. ముందు గళ్లు కొట్టుకోవాల, ఒక్కో గడిలో ఒక పూవు, దాని తీగ పక్క గడిలో తీగకి కలవాల, అది కలిసేదాకా మనసు ఇంకెక్కడికీ పోదు, నాకు పనిచేసింది అదే. తప్పైతే చెరపను. ఫోన్ వేరే రూంలో, టైం 45 నిమిషాలు.

ఆ 45 ఎందుకంటే, అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు 39 మంది పెద్దోళ్ల చేత అంతసేపు బొమ్మలు, మట్టి పని చేయిస్తే దాదాపు 75% మందిలో స్ట్రెస్ హార్మోన్ కార్టిసాల్ తగ్గిందంట, 2016లో ఆ స్టడీ వచ్చింది. బొమ్మలేయడం ముందే వచ్చుండాలని కూడా ఏం లేదు!

డాక్టర్‌కి కూడా చూపించుకున్నా, మీరూ చూపించుకోండి. మూడో వారానికి పదకొండున్నరకే నిద్ర పట్టింది. నిన్న నాన్నకి ఇష్టమైన మల్లెపూలు గీసినా, ఏడుపొచ్చింది, కానీ తర్వాత నిద్రపోయినా.